ఆరుగురు కెప్టెన్లూ ఒక బెండతోటా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎవరి గొంతు ఎక్కువ దూరం వినిపిస్తే నాయకత్వం వాళ్లకే చెందాలని. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేను గానీ, ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పగలను. మా గురుకులంలో అందరికంటే ఎక్కువ దూరం వినిపించే గొంతు నాదే. ఎర్రుపాలెం దగ్గర మా ఊళ్లో, మా నాన్న వరి పొలానికి ఈ చివర నిలబడి ఆ చివర ఉన్నవాళ్లను అన్నానికి పిలిచే పని చిన్నప్పటి నుంచీ నాది (వాళ్లతో పాటు పక్క పొలంవాళ్లు కూడా వచ్చేసేవారు). ఇంటర్ చదవడానికి భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఆడపిల్లల గురుకులంలో చేరిన మొదటి రోజే నాకు 'మైకు' అని పేరు పెట్టారు. నేను దాన్ని బిరుదు అనుకున్నాను. రెండేళ్లూ అలాగే అనుకున్నాను. పెట్టినవాళ్ల ఉద్దేశం అది కాదేమోనని ఈ మధ్యే అనుమానం వస్తోంది.

మా హాస్టలు వెనక, ప్రహరీగోడకు ఇవతల ఒక వాలీబాల్ కోర్టు ఉండేది. కోర్టు అంటే ఎర్రమట్టి నేల, రెండు కర్రలు, ఒక నెట్టు. ఆ నెట్టుకు ఎంతెంత కన్నాలుండేవంటే, బంతి పైనుంచి వెళ్లిందో మధ్యలోంచి వెళ్లిందో తేల్చుకోవడానికే సగం ఆట అయిపోయేది. అయినా అది మా ప్రాణం. తెల్లవారుజామున లేపే బెల్లు దగ్గర నుంచి రాత్రి లైట్లార్పే బెల్లు దాకా మా బతుకంతా బెల్లుల మీదే నడిచేది. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆ కోర్టులో గడిపే గంట ఒక్కటే మాది. మా ప్రిన్సిపాల్ మేడం మంచి మనిషే, కాదనను. కాకపోతే ఆవిడకు ఎక్కడ ఖాళీ స్థలం కనిపించినా అందులో కూరగాయలు కనిపించేవి. అప్పటికే వంటగది వెనక గోంగూర, స్నానాల గదుల మీద బీరతీగ, ఆఫీసు మెట్ల పక్కన టమాటాలు వేయించారు. ఇక మిగిలింది మా కోర్టే. ఒకరోజు మా వాలీబాల్ జట్టు ఆరుగురినీ పిలిపించి, బల్ల మీద పేపర్‌వెయిట్ కింద ఉన్న ఒక ప్యాకెట్ చూపించారు.

"ఏందమ్మా, ఎన్నేండ్ల సంది ఆడుతున్నరు మన పిల్లలు? ఒక్క మ్యాచన్న గెలిచిన్రా? ఈసారి టోర్నమెంట్ల ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిస్తే కోర్టు మీది. లేకపోతే దున్నిచ్చి బెండకాయ పెట్టిస్త. కనీసం కూరకన్న అక్కెరకొస్తది" అన్నారు. ఆ ప్యాకెట్ మీద బొమ్మలో బెండకాయలు నవనవలాడుతున్నాయి.

మా ఆరుగురి గురించి చెప్పాలి. నేను మైకు, తెలుసు కదా. రెండో ఆమె పొడుగు. భద్రాచలం అడవిలో, బస్సు దిగాక ఇంకా చాలాసేపు నడిస్తే వచ్చే ఊరు వాళ్లది. ఇంటి దగ్గర వాళ్ల భాష మాట్లాడేది, మా దగ్గర తెలుగు మాట్లాడేది, రెండింటిలోనూ అవసరమైన దానికంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. ఆట మాత్రం మా అయిదుగురిదీ కలిపినా ఆమెదంత కాదు. తరవాత మణుగూరు కాలనీ కవలలు. వాళ్ల నాన్నది బొగ్గు గనిలో ఉద్యోగం. పెద్దది ఆయన పొద్దుటి షిఫ్టు ముగిసే వేళకు పుట్టిందట, చిన్నది షిఫ్టు మారాక పుట్టిందట. అందుకని వాళ్ల పేర్లు ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు. వీళ్లిద్దరూ నెలలో సగం రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. ఐదో ఆమె బామ్. ఏ నొప్పికైనా జేబులోంచి పచ్చ డబ్బా తీసి రాసేది (కళ్లు మండుతున్నాయన్నా రాయబోయేది). ఆరో ఆమె నిద్ర. ఆమె గురించి చెప్పాల్సిందంతా పేరులోనే ఉంది.

టోర్నమెంటుకు ముందు కెప్టెన్‌ను ఎన్నుకోమని మా పీఈటీ మేడం చెప్పి, వారానికి రెండు రోజులే ఇక్కడ డ్యూటీ కాబట్టి బస్సెక్కి వెళ్లిపోయారు. మేం చీటీలు వేసుకున్నాం. నాకు రెండు ఓట్లొచ్చాయి. ఫస్ట్ షిఫ్టుకు ఒకటి, సెకండ్ షిఫ్టుకు ఒకటి, బామ్‌కు ఒకటి, నిద్రకు ఒకటి (రాసి చీటీ ఇచ్చి మళ్లీ పడుకుంది). అంటే అయిదుగురం సిగ్గు లేకుండా ఎవరికి వాళ్లమే వేసుకున్నాం. పొడుగు ఒక్కతే తనకు వేసుకోకుండా నాకు వేసింది. ఆ గురుకులం మొత్తంలో నా ప్రతిభను గుర్తించిన ఏకైక వ్యక్తి అని ఆ క్షణాన నాకు ఆమె మీద ఎంత గౌరవం పెరిగిందో చెప్పలేను. నేను లేచి నిలబడి ధన్యవాదాలు చెప్పడం మొదలుపెట్టేసరికి మిగతా నలుగురూ గొడవకు దిగారు.

"రెండోట్లకే కెప్టెనా? గట్లెట్ల అయితది? నలుగురం వద్దన్నట్టే గద!" అంది ఫస్ట్ షిఫ్టు. ఆమె చెప్పిందే సెకండ్ షిఫ్టు కూడా చెప్పింది గానీ, అక్కతో ఏకీభవించినట్టు ఉండకూడదని గోడ వైపు తిరిగి చెప్పింది. రెండు రోజులు ప్రాక్టీసు బంద్. మూడో రోజు సాయంత్రం ప్రిన్సిపాల్ మేడం వచ్చి కోర్టు పొడవూ వెడల్పూ అడుగులతో కొలిచి వెళ్లారు. అప్పుడు నోరు విప్పింది పొడుగు.

"మా ఊర్ల కలుపుకు ఒకళ్ల చేన్లకు ఒకళ్లం పోతం. ఇయ్యాల నీ చేను, రేపు నా చేను. ఎవరి చేన్ల పనైతే ఆ పూట వాళ్లదే మాట. ఎంత పెద్దమనిషైనా గాని, ఎదురు చెప్పొద్దు. ఈడ గూడ గట్లనే చేద్దాం. సర్వీసు ఎవరిదైతే చేను వాళ్లది."

వాలీబాల్ తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్తాను. బంతిని మొదట కొట్టడమే సర్వీసు. మన సర్వీసు పోయి మళ్లీ మన చేతికి వచ్చినప్పుడల్లా అందరూ తలా ఒక స్థానం జరుగుతారు, కొత్త మనిషి సర్వీసుకు వస్తుంది. పొడుగు చెప్పిన ప్రకారం ఆ కొత్త మనిషే కొత్త కెప్టెన్. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! అందరం చేతులు కలిపి ఒప్పుకున్నాం. అందులో ఉన్న తిరకాసును కనిపెట్టింది మాత్రం నేనొక్కదాన్నే. సర్వీసు అవతలివాళ్ల చేతిలో ఉన్నంతసేపూ మనం జరగం కదా. అంటే మనం ఓడుతున్నంతసేపూ కెప్టెన్ మారదు. గెలిచిన మరుక్షణం పదవి ఊడుతుంది. ఇంత రుచికరమైన చట్టం చేతికి దొరికాక ఊరుకునే రకాన్ని కాదు నేను. దానికి నా తరఫున ఒక సవరణ కూడా పెట్టాను. ఆరు గంటల బెల్లు కొట్టేటప్పుడు ఎవరు కెప్టెన్‌గా ఉంటే మర్నాడు సాయంత్రం దాకా, కోర్టు బయట కూడా, వాళ్ల మాటే చెల్లాలి. అందరికీ ఎవరి ఆశ వాళ్లకుంది కాబట్టి ఏకగ్రీవంగా ఆమోదించారు.

మేం ప్రాక్టీసు ఆడేది మా జూనియర్ పిల్లలతో. ఆరు కావడానికి పది నిమిషాలుందనగా నా సర్వీసు వచ్చిందనుకోండి, మొదటి బంతి పోయాక ఇక నా పాలన మొదలయ్యేది. జూనియర్లు కొట్టిన ప్రతి బంతికీ "వదిలెయ్! అవుట్!" అని అరిచేదాన్ని. అది వచ్చి లోపల పడేది. "అరెరె, గాలికి తిరిగిందే" అనేదాన్ని. జూనియర్లకు పాయింటు, నాకు పదవి. అలా నేను కెప్టెన్‌గా బెల్లు కొట్టించుకున్న ఒక శనివారం సాయంత్రం ఫస్ట్ షిఫ్టు చేత నా బట్టల బకెట్ ఉతికించాను, బామ్ చేత కాళ్లు పట్టించుకున్నాను, మర్నాడు ఆదివారం సెకండ్ షిఫ్టు ప్లేటులోని కోడిగుడ్డు నా ప్లేటులోకి జరిపించాను. (వారానికి ఒక్కటే గుడ్డు. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. అప్పుడు మాత్రం చాలా రుచిగా ఉంది.)

పాపం ఊరికే పోలేదు. సోమవారం ఫస్ట్ షిఫ్టు పాలన వచ్చింది. "రేపటి దాంక మైకు బంద్. ఒక్క మాట మాట్లాడొద్దు" అని ఒకటే ఆజ్ఞ. చేను ఆమెది, ఏం చేస్తాం? మర్నాడు పొద్దున అటెండెన్సులో నేను పలకకపోయేసరికి వార్డెన్ మేడం హడలిపోయి నన్ను సిక్ రూములో పడుకోబెట్టారు. బామ్ వచ్చి గొంతుకు, ముక్కుకు, నుదుటికి ఇష్టం వచ్చినంత రాసింది. వద్దని చెప్పడానికి నాకు నోరు లేదు. సెకండ్ షిఫ్టు పాలన మరీ విచిత్రం. అక్క ముందుకు రమ్మన్నవాళ్లను వెనక్కి పొమ్మనేది, వెనక్కి పొమ్మన్నవాళ్లను ముందుకు రమ్మనేది. తన గుడ్డు పోయినప్పుడు అక్క నవ్విందని ఆ ఆదివారం నుంచి మళ్లీ మాటలు మానేసింది కూడా. అందరిలోకీ బాగా నడిచింది నిద్ర పాలన. ఆమె ఏమీ చెప్పేది కాదు. ఆ పది నిమిషాలూ జూనియర్లకు ఒక్క పాయింటు కూడా వచ్చేది కాదు. దీన్నిబట్టి నేనేమైనా నేర్చుకోవలసింది. నేర్చుకోలేదు.

టోర్నమెంటు ఫారంలో 'కెప్టెన్' అని ఉన్నచోట చిన్న అక్షరాలతో ఆరు పేర్లూ ఇరికించి రాసి పంపాం. అది తిరిగి వచ్చింది. ఒక్క పేరే రాయాలట. మళ్లీ గొడవ పడే ఓపిక ఎవరికీ లేక నిద్ర పేరు రాశాం. ఆ సమయానికి ఆమె నిద్రపోతోంది కాబట్టి అభ్యంతరం చెప్పలేదు.

మ్యాచ్ మణుగూరు కాలనీ గ్రౌండులో. అవతలి జట్టు గోదావరికి ఆవలి ఒడ్డు గురుకులం. అందరికీ ఒకే రంగు బూట్లు. మాలో ముగ్గురికి బూట్లు లేవు, ఇద్దరికి ఉన్నా సైజు కాదు. కవలల నాన్న షిఫ్టు దిగి అటు నుంచి అటే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ మేడం కూడా వచ్చారు. నీళ్ల సీసా కోసం హ్యాండ్‌బ్యాగు తెరిచినప్పుడు నేను తొంగి చూశాను. ఆ ప్యాకెట్ అందులోనే ఉంది.

మొదటి సెట్టు ఎలాగో గెలిచాం. ఎలాగంటే, పొడుగు ఉంది కాబట్టి. రెండో సెట్టు కూడా చివరిదాకా లాక్కొచ్చాం. అప్పుడు కెప్టెన్ని నేను. సర్వీసు అవతలివాళ్లది, ఆ బంతి దక్కించుకోకపోతే సెట్టు పోతుంది. బంతి లేచింది. సరిగ్గా నాకూ పొడుగుకూ మధ్య గీత దగ్గరికి వస్తోంది. పొడుగు చేతులు చాచింది. నేను గొంతు చించుకుని అరిచాను: "వదిలెయ్! అవుట్!"

పొడుగు చేతులు వెనక్కి తీసుకుంది. బంతి గీత మీద పడి ఎర్రమట్టి లేపింది. లోపలే. సెట్టు పోయింది.

అది పొరపాటా, అలవాటా, ఆ కుర్చీలో ఇంకాసేపు కూర్చోవాలన్న ఆశా? నిజంగా నాకు తెలియదు. ఇన్నేళ్ల తరవాత కూడా తెలియదు. విరామంలో అందరూ నీళ్లు తాగుతుంటే సిగ్గుతో నాకు ఏడుపు వచ్చేసింది. అరిచి అరిచి గొంతు కూడా పోయింది. పొడుగు పక్కకు వెళ్లి గుసగుసగా అడిగాను.

"అది లోపల పడుద్దని నీకు తెలుసు కదే?"

"అవ్, తెలుసు."

"మరెందుకు వదిలావు?"

"నీ చేను గద. నువ్వు వదిలెయ్యమన్నవ్."

"నేను చెప్పింది తప్పే!"

"అవ్, తప్పే" అంది తాపీగా జడ బిగించుకుంటూ. "నా చేన్ల నేను గూడ ఏదో తప్పు చెప్త. అప్పుడు నువ్వు నా మాట ఇనవా మరి? ఒకళ్లు కలుపనుకుని మొక్క పీకమన్నరని ఆళ్ల చేనికి పోవుడు బంద్ చేస్తమా? పా, జల్దీ. పిలుస్తున్నరు."

నేను అంతవరకూ ఆ చట్టంలో నా వంతు ఎప్పుడొస్తుందా అనే చూశాను. నా వంతు వచ్చినప్పుడల్లా నా మాట వినడం కోసం మిగతా అయిదుగురూ ఎంత ఓర్చుకుంటున్నారో అప్పుడు తెలిసింది. బకెట్ ఉతికిన చేతులూ, గుడ్డు పోగొట్టుకున్న ప్లేటూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మూడో సెట్టు. వాళ్లొక పాయింటు, మేమొక పాయింటు. గట్టు మీద కవలల నాన్న కూర్చోలేక లేచి నిలబడ్డాడు. పద్నాలుగు పదమూడు, మాది ముందు. ఇంకొక్క పాయింటు వస్తే కోర్టు మాది. సర్వీసు వాళ్లది. ఇక కెప్టెన్ ఎవరంటారా? మళ్లీ నేనే. ఖర్మ. బంతి మళ్లీ అక్కడికే వచ్చింది, నాకూ పొడుగుకూ మధ్య గీత దగ్గరికే. పొడుగు బంతిని చూడలేదు, నన్ను చూసింది. చేను నాది కదా, మాట కోసం ఆగింది. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. గురుకులం మొత్తానికీ వినిపించే గొంతు అవసరమైన ఒక్క క్షణానికి మూగబోయింది. చేసేది లేక రెండు చేతులూ జోడించి దండం పెట్టినట్టు బంతిని పొడుగు వైపు చూపించి, ఎగిరి పక్కకు తప్పుకున్నాను. (తప్పుకోవడంలో కిందపడ్డాను కూడా. అది ఎవరూ చూడలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.)

పొడుగు ఒంగి బంతిని లేపింది. నెట్టు దగ్గరున్న ఫస్ట్ షిఫ్టు దాన్ని కొట్టడానికి వీలుగా లిఫ్ట్ ఇచ్చి, ఆ గుడ్డు ఆదివారం నుంచి మొదటిసారి చెల్లెలితో మాట్లాడింది: "కొట్టవే!" సెకండ్ షిఫ్టు అక్క మాటకు ఎదురు చెప్పకపోవడం కూడా అదే మొదటిసారి. గాల్లోకి లేచి కొట్టిన దెబ్బకు బంతి బూట్లవాళ్ల మధ్య పడి గట్టు దాకా పోయింది. కవలల నాన్న దాన్ని పట్టుకుని, తిరిగి ఇవ్వడం మరిచిపోయి గుండెలకు హత్తుకున్నాడు.

మ్యాచ్ అయిపోయింది. అందరూ అరుస్తున్నారు, నేను తప్ప. నాకు గొంతు లేదు. అప్పుడు పొడుగు, "ఆగుర్రి. ఇంకా తిరగలే" అంది. నిజమే. పాయింటు మాది, సర్వీసు మాది, అందరం ఒక స్థానం జరగాలి. ఆట ముగిసినా సరే, ఆరుగురం బుద్ధిగా తలా ఒక స్థానం జరిగాం. నా పదవి పోయింది. పోయినందుకు నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. సర్వీసు స్థానంలోకి నిద్ర వచ్చింది. మా అందరినీ ఒకసారి చూసింది. ఇన్నాళ్లలో ఆమె ఇచ్చిన ఒకే ఒక్క ఆజ్ఞ అప్పుడే ఇచ్చింది.

"పండుకోర్రి."

ఆరుగురం ఎర్రమట్టిలో వెల్లకిలా పడుకున్నాం. అంపైర్ కంగారుపడి నీళ్లు తెచ్చాడు. బామ్ పడుకున్నచోటి నుంచే డబ్బా మూత తీసింది.

ప్రిన్సిపాల్ మేడం మాట తప్పే మనిషి కాదు, కోర్టు మాకే వదిలారు. అయితే విత్తనాలు పారేసే మనిషి కూడా కాదు. కోర్టుకు నాలుగు పక్కలా గీతల వెంబడి బెండ పెట్టించారు. కలుపు తీయాల్సింది మేమే. బంతి బెండ మీద పడితే అవుట్ అని మాకు కొత్త సౌకర్యం ఏర్పడింది, నా అరుపుల అవసరం తప్పింది. అదంతా బాగానే ఉంది గానీ, ఆ ఏడాది పొడవునా వారానికి నాలుగు రోజులు బెండకాయ కూర తిన్నాం. గెలిచింది మేమో మేడమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మ్యాచ్ తరవాత వచ్చిన మొదటి ఆదివారం నా గుడ్డు మాత్రం సెకండ్ షిఫ్టు ప్లేటులో పెట్టాను. ఆమె ఏమీ అనకుండా దాన్ని రెండుగా చేసి, సగం అక్కకు ఇచ్చింది. నాకేమైనా మిగులుతుందేమోనని చూశాను. మిగల్లేదు.

ఇప్పుడు నేను ఖమ్మంలో ఒక పార్సిళ్ల ఆఫీసులో ఆరుగురికి పెద్దని. గొంతు మళ్లీ వచ్చేసింది, ఏమీ తగ్గలేదు. పొడుగు మణుగూరు వైపు ఒక స్కూల్లో పీఈటీ టీచరు. పోయిన వారం ఫోన్ చేసి మాట్లాడుతూ, వాళ్ల పిల్లలు కెప్టెన్ కోసం చీటీలు వేసుకుని కొట్టుకున్నారని చెప్పి నవ్వింది. నాకు పాత గర్వం ఒకటి గుర్తొచ్చి, కాస్త పొగడ్త వినాలనిపించి అడిగాను.

"అవునే, ఆ రోజు నువ్వొక్కదానివే నాకు ఓటు వేశావు. నాలో ఏం చూశావే?"

"ఏం జూసిన? ఏం లే. నీకు నీ ఓటు ఒక్కటే వస్తే ఏడుస్తవని."

"మిగతావాళ్లకూ ఒక్కటే వచ్చిందిగా!"

"ఆళ్లు ఏడ్వరు గద" అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. నవ్వుతుంటే కళ్లు తడిశాయి, కాబట్టి ఆమె అంచనా తప్పు కాదు. మర్నాడు పొద్దున ఆఫీసులో మీటింగు. ఏ బండి ఏ దారిన పోవాలో రోజూ నేనే అరిచి చెప్తాను. ఆ రోజు అరవలేదు. ఒక మూల కూర్చుని లేబుళ్లు అంటించే అమ్మాయి ఒకామె ఉంది, చేరి ఆరు నెలలైనా ఆమె గొంతు నేను సరిగ్గా వినలేదు. ఆమెకు మార్కర్ పెన్ను ఇచ్చి బోర్డు దగ్గర నిలబెట్టి, "ఈ రోజు నీ చేను. నువ్వేం చెప్తే అది" అన్నాను. ఆమెకు చేను ఏమిటో అర్థం కాలేదు గానీ, రెండో మాట బాగా అర్థమైనట్టుంది. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, ధైర్యం తెచ్చుకుని, "అయితే మేడం... మీరు ముందు కొంచెం మెల్లగ మాట్లాడుర్రి" అంది.

మిగతా అయిదుగురూ తలలు దించుకుని నవ్వాపుకున్నారు. నేను నోరు తెరిచి, ఆగి, వీలైనంత మెల్లగా "సరే" అన్నాను.